ముప్పై ఒక్క ఇళ్ళ రేవుగూడెం

మామిడికాయ పప్పు ఒక కేసును తలకిందులు చేస్తుందని ఇన్‌స్పెక్టర్ బానోత్ బలరాం తన ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎన్నడూ అనుకోలేదు. శుక్రవారం పొద్దున ఎనిమిదింబావుకు మిట్టగూడెంలో ముత్తక్క ఇంటి ముందు నులక మంచం మీద కూర్చొని, ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఆమెకు చూపించాడు. స్టీలు క్యారియర్, పక్కన మూత, గిన్నెలో సగం తిన్న అన్నం, దాని మీద పచ్చగా పప్పు. నిన్న మధ్యాహ్నం రెండూ అయిదుకు ఆమె భర్త శవం పక్కన ఆ క్యారియర్ దొరికింది.

భర్త పేరు ముత్యాలు. డెబ్బై దాటిన కోయ పెద్దమనిషి. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ‘తీరం’ అని ఒక రిసార్టు ఉంది. దాని రేవు మెట్ల అడుగున తల పగిలి బోర్లా పడి ఉన్నాడు. అన్నం తిని చేయి కడుక్కోబోయి జారిపడ్డాడని రిసార్టు వాళ్ళు చక్కగా టైపు చేయించి రాసిచ్చారు. ఆదివారం అక్కడ పదిహేనో వార్షికోత్సవం. ఆ లోపల ఈ గొడవ సర్దుమణిగితే బాగుండునని అందరికీ ఉంది. నిజం చెప్పాలంటే నిన్న సాయంత్రం దాకా బలరాంకి కూడా ఉంది.

ముత్తక్క ఫొటోను దూరంగా పట్టుకొని చూసింది, మళ్ళీ దగ్గరగా పెట్టుకొని చూసింది.

“గిదేంది సారూ?”

“మామిడికాయ పప్పవ్వా. ఒంటిగంటకు తిన్నడంటున్నరు.”

“తినడు,” అంది ముత్తక్క. కోపంగా కూడా అనలేదు. సూర్యుడు పడమట పొడవడు అన్నంత మామూలుగా అంది. “మా గూడెంల మామిడి పండుగ ఇంకా కాలే. నడుమ ఒక చావాయె, పండుగను వచ్చే ఆయితారానికి ఎనక్కి జరిపినం. పండుగ గాకముందు కొత్త మామిడికాయ మా దాంట్ల పసిపిల్ల గూడ నోట్ల వెట్టది. ఆ పండుగ చేసే పెద్దే ఆయన. ఆయనెట్ల తింటడు?”

బలరాం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. జూలూరుపాడు పక్క తండాలో పుట్టి, చిన్నప్పుడు కోయగూడేల పిల్లలతో కలిసి బడికి పోయినవాడు. ఏప్రిల్ నెలలో చెట్టు నిండా కాయలున్నా ఆ పిల్లలు ఒక్కటీ ముట్టకపోతే వెక్కిరించినవాడు. ఈ సంగతి అతనికి తెలియాలి. ఒకప్పుడు తెలుసు, మరిచిపోయాడు. పైగా నిన్న ఆ గిన్నె చూసినప్పుడు తనకు నోరూరిన మాట ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

నిన్న పొద్దున ఏం జరిగిందో అడిగితే ఆమె వరసగా చెప్పింది. ఏడింటికి ముత్యాలు జొన్న అంబలి తాగాడట. రిసార్టు వాళ్ళు ఈ ప్రాంతం చరిత్ర అని ఏదో పుస్తకం వేస్తున్నారని, అందులో ఒడ్డున ఉండిన తమ పాత గూడెం మాటే లేదని ఎవరో చెప్పారట. అక్కడ చరిత్ర గది గోడ మీద ఏదో కాగితం ఉందని, దాన్ని పుస్తకం రాస్తున్న టీచరమ్మతో చదివించుకుంటానని నడిచి పోయాడట. ఇదంతా చెప్తున్నంతసేపూ ఆమె బలరాం మొహం వైపే చూసింది. అతను మాత్రం నోట్‌బుక్ మీంచి తల ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం ఉంది, అది రాసుకునే పని మాత్రం కాదు.

శవాన్ని అప్పగించే కాగితాల మీద వేలిముద్ర కావాలని, జీపు పంపిస్తానని చెప్పి లేచాడు.

దారిలో దవాఖానా నుంచి డాక్టర్ ఫోన్ చేసింది. రెండు ముక్కల్లో చెప్పింది. కడుపులో ఎప్పుడో పొద్దున తాగిన అంబలి జాడ తప్ప ఒక్క మెతుకు లేదు. ప్రాణం పోయింది పదకొండుకూ పన్నెండుకూ మధ్య. కుడి అరచేతిలో కొత్తగా తెగిన గాయం ఉంది, అందులో సన్నటి గాజు ముక్క ఉంది.

రేవు మెట్ల మీద గాజు లేదు. నిన్న బలరాం మోకాళ్ళ మీద కూర్చొని మరీ వెతికాడు. అంటే చావు ఒక చోట, శవం ఇంకొక చోట. సగం తిన్నట్టు కనబడాలని ఎవరో సగం అన్నం పారబోసి, క్యారియర్ పక్కన పెట్టారు. ఆ పెట్టినవాడికి క్యాంటీన్‌లో ఆ పూట ఏం వండారో తెలుసు గానీ, ఎవరి పక్కన పెడుతున్నాడో తెలియదు.

జీపు నడుపుతున్న కానిస్టేబుల్ లిఖిత ఏదో అడిగింది. బలరాం వినలేదు. అతని మనసు పద్దెనిమిదేళ్ళ వెనక్కి పోయింది, పోవద్దంటే ఆగలేదు.

ఇప్పుడు రిసార్టు ఉన్నచోట అప్పుడు రేవుగూడెం ఉండేది. ఆ ఏడు ఆగస్టు వరదలో గూడెం ఖాళీ చేయించడానికి పోయిన ఇద్దరు కానిస్టేబుళ్ళలో ఒకడు బలరాం. ఏ ఇంట్లోనూ మనిషి మిగలలేదని గుర్తుకు ప్రతి గుంజ మీదా సుద్దముక్కతో గీత గీసుకుంటూ పోయాడు. ముప్పై ఒక్క గీతలు. నెల తిరగకముందే మళ్ళీ తోలుకొస్తామని పడవ ఎక్కుతున్న ప్రతివాళ్ళకూ చెప్పాడు. చివరి ఇంటి ఆడమనిషి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తడిక దగ్గరికి వేసి కట్టనిదే రానని మొండికేసింది. తెరిచిపెట్టిన ఇంట్లోకి కుక్కలు దూరతాయని ఆమె బాధ. నేను వేస్తాలే, నువ్వు పడవెక్కు అన్నాడు. ఆమె ఎక్కింది. అతనూ ఎక్కేశాడు.

ఆ ఆడమనిషి ముత్తక్క.

నెల తిరిగింది. స్టేషనుకి ఒక పంచనామా కాగితం వచ్చింది. నది ఒడ్డున ఉన్న ఆ నేలలో వరదకు ముందు గానీ తరువాత గానీ మనుషుల నివాసం లేదని అందులో ఉంది. సాక్షి సంతకాలు రెండు కావాలన్నారు, ఆ ఇద్దరు కానిస్టేబుళ్ళూ పెట్టారు. చదవకుండా పెట్టానని బలరాం ఇన్నేళ్ళూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. అది అబద్ధం. చదివాడు. చదివి, అడిగేవాడెవడని పెట్టాడు.

తిరిగి ఇళ్ళు వేసుకోవడానికి వచ్చిన గూడెం జనానికి ముళ్ళకంచె ఎదురైంది, దాని వెనక ఆ కాగితం. వాళ్ళు మిట్ట మీదికి పోయారు. మూడేళ్ళకు రిసార్టు వచ్చింది. దాని చుట్టూ కొట్లు, పడవలవాళ్ళు, వంటవాళ్ళు, కాపలావాళ్ళు కలిసి ఒక చిన్న ఊరయ్యారు. ఇప్పుడు ఆ ఊరికి ఒక చరిత్ర కావాలి కదా, అందుకే పుస్తకం.

తొమ్మిదీ నలభైకి గేటు దగ్గర సెక్యూరిటీ మేనేజర్ ఎదురొచ్చాడు. భూక్యా జగదీష్. ఇస్త్రీ చొక్కా, నడుముకు వైర్‌లెస్ సెట్టు. పదేళ్ళ కింద పోలీసు ఉద్యోగం వదిలేసి ఇక్కడ చేరాడు. బలరాంతోపాటు ఒకే బ్యాచ్, ఒకే బ్యారక్. ఆనాటి వరద పడవలో రెండో కానిస్టేబుల్ అతనే.

“మళ్ళ ఎందుకొచ్చినవ్ బలరాం? రాసిచ్చినం కద,” అన్నాడు నవ్వుతూనే.

“నువ్వు రాసిచ్చింది ఇంకోపాలి నోటితోని చెప్పు. ముత్యాలును ఆఖరుకు ఎప్పుడు చూసినవ్?”

“ఒంటిగంటకు. మెట్ల మీద కూసోని తింటుండె. ఒంటిగంటా పదికి నేను కొత్త జెట్టీ కాడ గెస్టులతోని పడవెక్కిన. రెండూ అయిదుకు తిరిగొచ్చేటాల్లకు మెట్ల కింద పడి ఉన్నడు. యాభై మంది సాక్షులున్నరు.”

“తింటుంటే నీ కండ్లతోని చూసినవా?”

“చూసిన. పప్పన్నం కలుపుకొని తింటుండె.”

“మంచిది. రాసుకో లిఖితా,” అన్నాడు బలరాం.

జగదీష్ నవ్వు కొంచెం తగ్గింది. నీకు పోలీసు పని నేర్పింది ఎవరో మరిచిపోయినట్టున్నావని, మొదటి ఏడు లాఠీ పట్టుకోవడం కూడా చేతకాకపోతే తనే దిద్దానని, లిఖిత వినేలా అన్నాడు. ఆ మాట నిజమే. దిద్దింది లాఠీ ఒక్కటే కాదు. బలరాం చరిత్ర గది ఎక్కడుందని అడిగాడు. దానికి తాళం ఉందన్నాడు జగదీష్. తాళంచెవి ఎవరి దగ్గరంటే, తన దగ్గరే అన్నాడు.

చరిత్ర గది వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు ఇరవై. రిసార్టుకు వచ్చేవాళ్ళు ఫొటోలు దిగడానికి పెట్టిన గది. విల్లు, బాణాలు, పాత తెడ్లు, సొరకాయ బుర్రలు, వెదురు బుట్టలు, మూలన ఒక రాతి రోలు. రోలు మీద అచ్చులో చీటీ: ‘ప్రాచీన ఆదిమ కాలపు రోలు’. బలరాం వంగి చూశాడు. పక్కన చిన్న పెచ్చు ఊడిన రోలు అది. పద్దెనిమిదేళ్ళ కింద ఆ రోలును పడవలో ఎక్కించాలని ఒక ముసలామె ఏడిస్తే, బరువని ఒడ్డునే దింపించింది తనే. ఆదిమ కాలమంటే అంత దగ్గర్లోనే ఉందన్నమాట. మనుషులే లేని నేలలో ఈ రోలు ఎవరు వాడారో చీటీ రాసినవాళ్ళకు అనుమానం రాలేదు.

గదిలో ఫినాయిల్ వాసన గుప్పుమంటోంది. వరండాలో లేదు, పక్క గదిలో లేదు, ఇక్కడే ఉంది. ఎడమ గోడ మీద రెండు జానల పొడవున సున్నం తెల్లగా కొత్తగా ఉంది, పైన మేకు ఖాళీగా ఉంది. అక్కడ ఎన్నో ఏళ్ళు ఏదో వేలాడింది, ఈమధ్యే తీశారు. కింద వెదురు బుట్టను బలరాం తెల్లకాగితం మీద బోర్లించి తట్టాడు. రెండు గాజు ముక్కలు రాలాయి. నేల కడిగినవాళ్ళు బుట్ట దులపడం మరిచారు. రోలు అంచు పైన శుభ్రంగా ఉంది. వేలు కిందివైపు పోనిస్తే, కడిగే చేయి అందని చోట, గోధుమరంగు పొలుసు గోటికి తగిలింది. ముక్కలను, పొలుసును లిఖిత వేరువేరు కవర్లలో పెట్టి టైము వేసింది. పదింబావు.

పుస్తకం రాసిన సుబ్బరత్నం టీచర్‌ని అక్కడికే పిలిపించాడు. కల్లూరు ఆవిడ. రిటైరై ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు ఈ ఒడ్డునే ఉన్న బడిలో పదకొండేళ్ళు పనిచేసింది. ఖాళీ మేకును చూడగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నిన్న ముత్యాలు మీతోని ఏం చదివిచ్చిండు?”

“గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం ఉండేదండీ. ఇక్కడ ఊరనేది లేదని చెప్పే పంచనామా. రిసార్టుకు మొదటి ఆధారం అదేనని వీళ్ళే గర్వంగా కట్టించారు. మొత్తం చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.”

“సంతకాలు పెట్టినోళ్ళ పేర్లు గూడ చదివిన్రా?”

ఆవిడ చూపు బలరాం చొక్కా మీది పేరుపట్టీ దగ్గర ఆగింది. ఎంతసేపో కాదు, రెండు సెకన్లు. తరువాత నేల చూస్తూ, పేర్లు గుర్తులేవండీ అంది.

గుర్తున్నాయి. ఆవిడకు గుర్తున్నాయని అతనికి తెలిసింది, అతనికి తెలిసిందని ఆవిడకూ తెలిసింది. బలరాంకి చెవుల దాకా వేడెక్కింది. ఎదుటివాళ్ళ చేత అబద్ధం ఒప్పించడం అతని వృత్తి. తన పరువు కాపాడటానికి ఒక పెద్దావిడ అబద్ధమాడితే వింటూ నిలబడాల్సి రావడం ఇదే మొదలు.

ఆవిడే మళ్ళీ నోరు విప్పింది. “మీకొక్కరికే కాదండీ ఈ సిగ్గు. నా హాజరు పట్టీలో రేవుగూడెం పిల్లలు పద్నాలుగు మంది ఉండేవారు. పేర్లు ఇప్పటికీ చెప్పగలను. అయినా పుస్తకంలో ‘ఇది ఒకప్పుడు నిర్జన తీరం’ అని రాశాను. కాగితంలో ఉన్నదే రాశానని అనుకున్నాను. అట్ట మీద నా పేరు వేస్తామన్నారు, అదండీ అసలు సంగతి.”

మిగతాది టైము ప్రకారం తెలిసింది. ముత్యాలు గేటు దాటింది పదీ నలభైకి. చదవడం పూర్తయ్యాక, ఆ ఫ్రేము దింపి ఇవ్వమని, భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసుకు తీసుకెళ్ళి చూపిస్తానని అడిగాడు. ఆవిడకు ధైర్యం చాల్లేదు. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు ప్రెస్సు నుంచి ఫోను వస్తే అదే సాకుగా బయటికొచ్చింది. ఫోన్‌లో ఆ టైము ఉంది. వరండాలో జగదీష్ గది వైపు వస్తూ కనిపించాడు. పదకొండూ ముప్పై అయిదుకు తిరిగొస్తే గదికి తాళం ఉంది, లోపల నేల కడిగి ఆరబెట్టామని అతనే చెప్పాడు.

“నిన్న ఈ మాట ఎందుకు చెప్పలేదు టీచరమ్మా?”

“చెప్తే కాగితం గురించి చెప్పాలి. కాగితం గురించి చెప్తే మీ ముందు మీ పేరు చెప్పాలి. ఎట్లా చెప్పేదండీ?”

ఒక పేరుకు భయపడి ఒక హత్య రోజంతా దాగింది, ఆ పేరు తనది.

క్యాంటీన్‌లో వంట చేసే సోనిది జగదీష్ తండానే. వరసకు అతనికి చెల్లెలవుతుంది. ముందు ఏమీ ఎరగనంది. మామిడికాయ పప్పు పొయ్యి మీంచి ఎప్పుడు దింపావన్న ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు బలరాం. అందులో దాచడానికి ఏముందనుకుందో ఏమో, పన్నెండూ నలభై అయిదుకు అని చెప్పేసింది. కొత్త కాయలతో ఈ ఏడు అదే మొదటి వంట అట. మొదటి గిన్నె ఎవరికి పెట్టావంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “అన్ననే క్యారియర్‌ల వెట్టించుకపోయిండు సార్. గెస్టులకన్నడు. గెస్టులకు క్యారియర్ ఎందుకని నేను అడగలే.”

పన్నెండుకు బలరాం జగదీష్ గదిలోకి పోయాడు. లిఖితను వరండాలో ఆపాడు. ఆపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎందుకంటే లోపల ఏ మాట రాబోతోందో అతనికి తెలుసు, అది ఆ అమ్మాయి వినకూడదనే ఆపాడు.

నిలబడే చెప్పాడు. పదకొండు గంటల పన్నెండు నిమిషాల నుంచి ముప్పై అయిదు దాకా ఆ గదిలో ఉన్నది నువ్వు, ముత్యాలు. ముత్యాలు చేతిలో గాజు, బుట్టలో గాజు. రోలు కింద నెత్తురు. అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు దుప్పట్లు మోసే బండిలో శవాన్ని మెట్ల దాకా తోసి ఉంటావు, దాని చక్రాలు లిఖిత చూస్తుంది. ఇక ఒంటిగంటకు ముత్యాలు పప్పన్నం తింటుంటే చూశానన్నావు.

“ఆయన కడుపుల మెతుకు లేదు. ఆదివారం దాక వాళ్ళు మామిడికాయ ముట్టరు. పండుగ చేసే పెద్ద పక్కన మామిడికాయ పప్పు పెట్టినవ్ జగదీష్. తండాల పుట్టినోడివి, పక్క గూడెం సంగతి గింత గూడ ఎరుక లేకపాయె.”

“నీకెరుకేనా?” అన్నాడు జగదీష్.

“లేదు. ఆమె చెప్తేనే తెలిసింది.”

జగదీష్ లేచి తలుపు వేశాడు. బీరువా తెరిచి, దుప్పటి మడతల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పద్దెనిమిదేళ్ళ నాటి కాగితం, అంచులు పసుపెక్కాయి. కుడి అంచున ముదురు మరక ఉంది. కింద రెండు సంతకాలు. అప్పట్లో తను బి అక్షరానికి పొడుగ్గా తోక పెట్టేవాడినన్న సంగతి బలరాంకి గుర్తొచ్చింది.

“నెట్టలే,” అన్నాడు జగదీష్. గొంతు తగ్గింది. “ఫ్రేము దింపుకొని సంకల వెట్టుకున్నడు. ఈ ఇద్దరు పోలీసోళ్ళు యాడున్నరో ఆఫీసుల కనుక్కుంట అన్నడు. నేనే ఆ ఇద్దర్ల ఒకణ్ణని చెప్పలేకపోయిన. గుంజిన. ఇడ్వలే. అద్దం పలిగింది. ఇంకోపాలి గుంజిన, ఎనక్కి పోయి రోలు మీద వడ్డడు. చూస్తుండంగనే పాయె.”

“దవాఖానాకు తోలుకపోతే?”

“ఏమని తోలుకపోను? ఎందుకు గుంజినవంటే ఏం జెప్పను? నా పేరొక్కటే ఉన్నదా దాని మీద? మనిద్దరి కోసమే గుంజిన బలరాం.”

జగదీష్ జేబులోంచి లైటర్ తీసి కాగితం పక్కన పెట్టాడు. నిన్ననే కాల్చేద్దామనుకున్నానని, నువ్వే వస్తావని తెలిసి ఉంచానని చెప్పాడు. ఇది ఉన్నంతకాలం బలరాం నోరు మూసుకుంటాడని అతని నమ్మకం. ఇప్పుడు ఇద్దరూ కలిసి కాలిస్తే ఇద్దరూ బయటపడతారు. ముసలాయన జారిపడ్డాడు, అంతే. డీఎస్పీ ప్రమోషన్ లిస్టులో నీ పేరుందట కదా అని కూడా అన్నాడు. తండా నుంచి ఆ ఉద్యోగానికి పోయే మొదటివాడివి, మీ అమ్మ తండా అంతా చెప్పుకుంటోంది అన్నాడు.

బలరాం కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇక్కడ అతన్ని గొప్పవాడిని చేసి చెప్పడం కుదరదు. లైటర్ వైపు చూశాడు. అమ్మ మొహం కళ్ళముందు కదిలింది. టీచరమ్మ తన పేరు బయటపెట్టదని, ఇది పోతే జగదీష్ మాట తప్ప తన మీద ఇంకేం మిగలదని, జగదీష్ మాట ఎవరూ నమ్మరని, పోలీసు బుర్రతో లెక్కకట్టాడు. గాజు ముక్కలతో, పప్పుతో జగదీష్‌ని పట్టుకోవచ్చు కూడా. కాకపోతే ఎందుకు గుంజాడన్న దానికి జవాబు ఉండదు. జవాబు లేని కేసు కోర్టులో నిలబడదు. అయినా లైటర్ మీదికి చేయి పోయింది.

అడవి నిండా కాయలుండగా, ఎవరూ కాపలా లేకపోయినా, ఆదివారం దాకా ఒక్క ముక్క నోట పెట్టనివాడు ముత్యాలు. చూసేవాడెవడు, అడిగేవాడెవడు అని సంతకం పెట్టినవాడు తను. ఈ రెండూ పక్కపక్కన కనిపించేసరికి బలరాంకి తల ఎత్తబుద్ధి కాలేదు. లైటర్ తీసి తన జేబులో వేసుకున్నాడు. తలుపు తెరిచి లిఖితను పిలిచాడు. సుబ్బరత్నాన్ని, సోనిని సాక్షులుగా తీసుకురమ్మన్నాడు.

“పిచ్చోడా,” అన్నాడు జగదీష్ మెల్లగా. “నన్ను లోపలేస్తే నిన్ను బయటుంచుతరనుకున్నవా?”

“అనుకుంటలేను.”

పన్నెండూ నలభైకి చరిత్ర గదిలో పంచనామా మొదలైంది. వేలిముద్ర కోసం జీపులో వచ్చిన ముత్తక్క గడప దగ్గర నిలబడింది. ఎవరో కుర్చీ వేస్తే కూర్చోకుండా, మూలన ఉన్న రోలు దగ్గరికి పోయి దాని పెచ్చు మీద చేయి పెట్టింది. అది వాళ్ళ అత్తదని ఎవరికీ చెప్పలేదు. ఆ చేయి పెట్టిన తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

బలరాం చెప్తుంటే లిఖిత రాస్తోంది. గాజు ముక్కలు రెండు. రోలు అంచు కింద ఎండిన నెత్తురు. సెక్యూరిటీ మేనేజర్ జగదీష్ బీరువా నుంచి, అతను స్వయంగా తీసి ఇవ్వగా స్వాధీనం చేసుకున్న పాత పంచనామా ఒకటి, కుడి అంచున మరక. అందులోని విషయం, రేవుగూడెం అనే ఊరు లేదని. ఆ విషయం అబద్ధం. రేవుగూడెంలో వరద రోజున ముప్పై ఒక్క ఇళ్ళున్నాయి.

“అబద్ధమని ఎవరు చెప్పినట్టు రాయాలె సార్?” అంది లిఖిత.

“చెప్త. ముందు సంతకాలు రాయి. ఒకటి, భూక్యా జగదీష్, కానిస్టేబుల్. రెండు, బానోత్ బలరాం, కానిస్టేబుల్.”

పెన్ను ఆగిపోయింది. లిఖిత అతని పేరుపట్టీ చూసింది, కాగితం చూసింది, ఎర్రబడ్డ మొహంతో మళ్ళీ కాగితమే చూసింది. సుబ్బరత్నం కళ్ళు మూసుకుంది.

“నేనే లిఖితా. ఆ ఇండ్లు లెక్కవెట్టింది నేనే, లేవని సంతకం వెట్టింది నేనే. అందుకని అబద్ధమని చెప్తున్నది నేనే. ఇది రాసినంక డీఎస్పీ సారుకు ఫోన్ చెయ్యి. ఈ కేసు ఇగ నాది కాదు, నేను ఇందుల సాక్షిని. నా మీద ఏం రాసుకోవాల్నో వాళ్ళు రాసుకుంటరు.”

రెండు చేతులూ ముందుకు కట్టుకొని నిలబడ్డ బలరాంకి ముత్తక్క వైపు చూడక తప్పలేదు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

“నాకెరుకే సారూ,” అంది ముత్తక్క. “పొద్దుగాల నువ్వు మా ఇంటి ముందట జీపు దిగంగనే గుర్తువట్టిన. పడవల నా చేయి పట్టి ఎక్కిచ్చిన పిలగాడివి. ముసలాయనకు చెప్దునంటే ఆయన లేడాయె.”

“మరి అడగకపోతివి అవ్వా.”

“నువ్వే చెప్తవేమోనని చూసిన.” ఆమె రోలు మీంచి చేయి తీసి, తడి లేకపోయినా చీర కొంగుకు తుడుచుకుంది. “ఒక్కటే అడుగుత. ఆ పొద్దు మా ఇంటి తడిక దగ్గరికేస్తనంటివి. ఏసినవా?”

పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇల్లు లేదు, ఆ తడిక లేదు, ఆ నేల మీద ఇప్పుడు పచ్చగడ్డి, గొడుగు కుర్చీలు. అవునన్నా ఆమెకు ఒరిగేదీ తరిగేదీ ఏమీ లేదు. అబద్ధం చెప్పడానికి అంత సులువైన ప్రశ్న బలరాంని ఎవరూ అడగలేదు.

“ఎయ్యలేదవ్వా,” అన్నాడు.

ముత్తక్క తల ఊపింది. ఇది కూడా పంచనామాలోకి వస్తుందో రాదో తెలియక, లిఖిత పెన్ను పట్టుకొని అతని మొహం వైపు చూసింది.

“రాయి,” అన్నాడు బలరాం.